చెవి వెనక శృతి

పంజాగుట్టలో సాలమన్ చెవికి ఉన్నంత పేరు సాలమన్‌కు లేదు. పేరు చెబితే గుర్తుపట్టనివాళ్లు కూడా "ఓ, ఆ చెవి ఆయనా" అని గుర్తుపట్టేవారు. ఎర్రమంజిల్‌లో ఒక సర్కారు ఆఫీసులో ముప్పై రెండేళ్లు ఫైళ్లు కదిపి, కదపాల్సినవి కొన్ని కదపకుండా ఉంచి, సూపరింటెండెంటుగా రిటైరయ్యాడు. అది పొట్టకోసం చేసిన పని. తాను పుట్టింది మాత్రం పంజాగుట్ట సందులో ఉన్న చర్చి క్వయర్‌ను, అంటే పాటల బృందాన్ని, నడపడానికేనని ఆయన నమ్మకం. ఇరవై ఆరేళ్లుగా నడుపుతున్నాడు. దేవుడు తనకిచ్చిన చెవిని హైదరాబాద్ మొత్తంలో ఇంకొకడికి ఇవ్వలేదని కూడా నమ్మేవాడు. ఆ మాట ఎవరూ అడగకుండానే చెప్పేవాడు.

చెవికి తోడు ఆయన దగ్గరొక ఆయుధం ఉంది. రెండు కొమ్ములు, కింద ఒక కాడ, జానెడు లోపు ఉక్కు ముక్క. ట్యూనింగ్ ఫోర్క్ అంటారు. తెలుగు మీడియంలో చదివి గట్టెక్కినవాళ్లకు శృతిదండం అంటే గుర్తొస్తుంది. ధ్వని పాఠంలో సారు దాన్ని రబ్బరు మెత్త మీద కొట్టి గ్లాసులో నీళ్లకు ఆనిస్తే, నీళ్లు ఎగిరి ముందు బెంచీ వాళ్ల మొహాన పడి, క్లాసంతా నవ్వుతుంది చూడండి, అదే. సాలమన్ దాన్ని పెళ్లి కాకముందు అబిడ్స్‌లో ఒక వాద్యాల దుకాణంలో కొన్నాడు. కాడ మీద ఎ-440 అని చెక్కి ఉంటుంది. కొడితే సెకనుకు నాలుగు వందల నలభై సార్లు ఊగుతుందని అర్థం. ఆఫీసులో ఉన్నన్నాళ్లూ అది చొక్కా జేబులో పెన్ను పక్కనే ఉండేది. పనిమీద వచ్చినవాడు పొరపాటున "అదేంది సార్" అన్నాడా, వాడి ఫైలు పక్కకు జరిగి చరిత్ర మొదలయ్యేది.

ఆ చరిత్ర క్వయర్‌లో ప్రతివాడికీ కంఠతా వచ్చు. మూడు వందల ఏళ్ల క్రితం, 1711లో, లండన్ రాజాస్థానంలో బాకా ఊదే జాన్ షోర్ అనే ఆయన దీన్ని కనిపెట్టాడు. అంతకుముందు శృతి ఊరికొకటి, చర్చికొకటి. ఇది వచ్చాక శృతి జేబులో పట్టింది. పట్టినంత మాత్రాన మనుషులు ఊరుకుంటారా? పక్క ఊరి వాద్యబృందం కంటే తమది ఇంకాస్త మెరవాలని ప్రతివాళ్లూ శృతిని కొంచెం కొంచెం పైకి లాగుతూ పోయారు. పాడేవాళ్ల గొంతులు చిరిగే దాకా వచ్చింది వ్యవహారం. చివరికి 1859లో ఫ్రాన్సు సర్కారు కల్పించుకుని 435 దగ్గర గీత గీసింది. 1939లో దేశదేశాల పెద్దలు లండన్‌లో కూచుని 440 అన్నారు. "మనిషిని ఇడిసిపెడితే మీదికి పోతనే ఉంటడు. పట్టి ఆపనీకి ఒక ఇనుప ముక్క ఉండాలె" అని సాలమన్ ముగించేవాడు. ఆ ఇనుప ముక్క ఎవరి జేబులో ఉందో వేరే చెప్పక్కర్లేదు.

శనివారం సాయంత్రం ప్రాక్టీసు. ముప్పై మంది నిలబడి ఉంటారు. సాలమన్ ఫోర్క్ తీస్తాడు. మోకాలి చిప్ప మీద ఒక్క దెబ్బ కొడతాడు. కాడను కుడి చెవి వెనక ఎముక మీద ఆనించి కళ్లు మూసుకుంటాడు. చెవి ముందు పెట్టుకుని వినడమంటే ఆయనకు చిన్నచూపు. అది బడిపిల్లల పద్ధతి, తెలిసినవాడు ఎముకతో వింటాడని ఆయన గురువు చెప్పాడట. పది సెకన్లు అట్లా ఉండి, "ఊఁ" అని సన్నగా శృతి ఇస్తాడు. ఆ పది సెకన్లూ ఎవరైనా దగ్గితే ఆ వారం వాళ్ల పని అయిపోయినట్టే. ఈ తతంగమంతా జరుగుతుంటే పక్కన లెవీ కీబోర్డు ముందు చేతులు కట్టుకుని కూచునేవాడు. లెవీ సాఫ్ట్‌వేర్ కుర్రాడు. వేలు నొక్కితే ఆ కీబోర్డు అదే 440ను అరక్షణంలో ఇస్తుంది. ఆ సంగతి ఒకసారి నోరుజారి అన్నందుకు, కరెంటు పోతే పోయే శృతిని నమ్ముకున్నవాడి బతుకు ఎట్లుంటుందో అరగంట విన్నాడు. మళ్లీ అనలేదు.

ఇక్కడ ఆ ఉక్కు ముక్క గుణం కొంచెం చెప్పుకోవాలి, లేకపోతే సాలమన్ కథ అర్థం కాదు. ఫోర్క్‌ను కొడితే రెండు కొమ్ములూ ఒకేసారి దూరం జరుగుతాయి, ఒకేసారి దగ్గరకొస్తాయి. ఒకటి గాలిని నెట్టేది చాలావరకు రెండోదాని నెట్టుడుతో కొట్టుకుపోతుంది. అందుకే ఊరికే చేత్తో పట్టుకుంటే దాని గొంతు మహా సన్నం, అడుగు దూరంలో ఉన్నవాడికి కూడా సరిగ్గా అందదు. కానీ కాడ కిందికీ పైకీ కదులుతుంటుంది. దాన్ని బల్లకు ఆనిస్తే బల్ల మొత్తం పాడుతుంది. ఎముకకు ఆనిస్తే పుర్రె మొత్తం పాడుతుంది. సాలమన్ తలకాయంత మంచి బల్ల అమీర్‌పేట, పంజాగుట్ట కలిపి వెతికినా దొరకదు. అందువల్ల ఆయనకు తన శృతి ఎప్పుడూ గుడిగంటలా ఖణేల్మని వినబడేది.

గొడవల్లా మిగతావాళ్ల పాటతోనే వచ్చింది. నాలుగేళ్లుగా సాలమన్‌కు ఒకటే బాధ, క్వయర్ గొంతు లోపలే పాడుతోందని. "అన్నం తినలేదా మీరు? ఎవరికి వినవడాలె గిది, మీ జేబులకా?" అని మెల్లగా, మర్యాదగా చీవాట్లు పెట్టేవాడు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచడు. వినాలంటే మనమే ముందుకు వంగాలి. పెద్దమనిషి తరహా అని అందరూ అనుకునేవారు. పాపం క్వయర్ గొంతు పెంచింది. చాలదన్నాడు. ఇంకా పెంచింది. ఇంకా చాలదన్నాడు. సందులో ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లల హాస్టల్ ఒకటుంది. శనివారం ఆరయ్యేసరికి ఆ కిటికీలన్నీ దబదబా మూసుకునేవి. ఆదివారం పాటల వేళ చర్చి మైకులు కట్టేయాల్సి వచ్చింది, అయినా పునాదులు అదిరేవి. ఒక్క సాలమన్ మాత్రం చెయ్యి పైకి ఊపుతూ "ఇంకా, ఇంకా" అనేవాడు. ఆ చెవి మీద ఉన్న గౌరవం అట్లాంటిది, ముప్పై మందిలో ఒక్కడు కూడా ఇదేం పిచ్చి అనలేదు. నన్నడిగితే ఇందులో సగం తప్పు ఆ ముప్పై మందిది.

అందరూ అరిచినా అరవనిది సెరీనా ఒక్కతే. మధురానగర్‌లో నర్సరీ పిల్లలకు చదువు చెబుతుంది. ఆ పిల్లల మీదే అరవదు, ఇంక దేవుడి మీద అరుస్తుందా. సన్నని గొంతు, నీళ్లంత తేట. ఆ పిల్ల ఒక్కతే పాడినప్పుడు చివరి బెంచీలో ముసలివాళ్లు విసనకర్ర ఊపడం ఆపేసేవాళ్లు. ఆ ఏడాది చర్చి కోతపండుగకు ఒంటరిగా పాడాల్సిన చరణం ఆమెదే. పండుగకు అయిదు వారాల ముందు, ప్రాక్టీసులో ఆమె ఆ చరణం పాడుతుంటే సాలమన్ చెయ్యెత్తి ఆపాడు.

"సెరీనా, పాడుతున్నవా, పెదాలు ఆడిస్తున్నవా?"

"పాడుతున్న అంకుల్."

"నాకు వినవడ్తలేదు."

"పాడుతున్న అంకుల్" అంది ఆ పిల్ల మళ్లీ. మొహం కందిపోయింది.

లెవీ ఆగలేకపోయాడు. "అంకుల్, మంచిగ పాడుతుంది. కీబోర్డు కాడికి సాఫ్ వినవడ్తుంది."

"నీ చెవి, నా చెవి ఒక్కటేనా లెవీ?" అన్నాడు సాలమన్ ఎప్పటి మర్యాదతోనే. తర్వాత సెరీనా వైపు తిరిగాడు. "దేవుని సన్నిధిల నోరు ఆడిచ్చి పాడినట్టు యాక్టింగ్ చేసుడు మంచిది కాదు బిడ్డా. పాడొద్దనుకుంటే చెప్పు, పాడేటోళ్లున్నరు."

ముప్పై మంది ముందు ఆ మాట. సెరీనా పాటల పుస్తకం మూసి బెంచీ మీద పెట్టి వెళ్లిపోయింది. ఏడ్చింది కూడా, మెట్ల దగ్గర. సాలమన్ ఆ చరణాన్ని జెనీఫర్‌కు ఇచ్చాడు. బల్కంపేట బోనాల మైకులను కూడా మైకు లేకుండా గెలవగల గొంతు జెనీఫర్‌ది. "గిదీ పాటంటే" అన్నాడు సాలమన్.

సెరీనా క్వయర్‌కు రావడం మానేసింది. ఆదివారం ఆరాధనకు మాత్రం వచ్చి, తల్లి పక్కన చివరి బెంచీలో కూచుని, పాటలప్పుడు నోరు తెరవకుండా ఉండేది. ఇది చూసి చర్చిలో గుసగుసలు మొదలయ్యాయి. పాస్టరు అయ్యగారు సాలమన్‌ను పక్కకు పిలిచి, వయసు మీద పడుతోంది కదా, చెవులు ఒకసారి చూపించుకుంటే మంచిదేమోనని నసిగాడు.

సాలమన్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. మొహం మాత్రం ప్రశాంతంగానే ఉంది. "మంచిది అయ్యగారూ. చెవులు బరాబర్ ఉన్నయని సర్టిఫికెట్ తెస్త. గప్పుడు ఆ పిల్ల పాడలేదన్న నా మాట నిజమైనట్టు. తేకపోతే ఆమె జాగ ఆమెకిచ్చి, క్వయర్ ఇడిసిపెట్టి ఇంట్ల కూసుంట." అయ్యగారు అంత దూరం అనలేదు. కానీ సాలమన్ మాట ఇచ్చేశాడు, నలుగురు విన్నారు. అంటే ఆ పిల్ల పాడిందా లేదా అన్నది ఇప్పుడు సాలమన్ చెవి తేల్చాలి.

ఆయనకు అనుమానం ఇసుమంత కూడా లేదు. ఎందుకుంటుంది? రోజూ పొద్దున్నే పళ్లు తోముకోగానే ఫోర్క్ మోకాలి మీద కొట్టి చెవి వెనక పెట్టుకుని చూసుకునేవాడు. ఖణేల్! ఇరవై ఏళ్ల వయసులో ఎట్లా వినబడిందో అట్లాగే. చెవుడొచ్చినవాడికి ఇట్లా వినబడుతుందా? వంటింట్లోంచి భార్య యేసుమణి "చాయ్ చల్లారిపోతుంది" అని ఒకసారి, రెండుసార్లు అని, మూడోసారి గిన్నె నేలకేసి కొట్టినంత గట్టిగా అరిచేది. "మణీ, ఎందుకట్ల ఒర్రుతవ్? బీపీ చూపిచ్చుకో" అనేవాడు. యేసుమణికి బీపీ పెరిగి మనిషి చిరాకైపోయిందని బంధువులందరికీ చెప్పాడు కూడా. ఆమె అదీ వింది. ఆమె చెవులకేం రోగం.

సర్టిఫికెట్ కావాలంటే అమీర్‌పేటను మించిన చోటు ప్రపంచంలో ఉందా? మెట్రో మెట్లు దిగి నాలుగు అడుగులు వేస్తే చాలు, చేతిలో పాంప్లెట్లు పెట్టేస్తారు. జావా, టెస్టింగ్, స్పోకెన్ ఇంగ్లీష్, ఇప్పుడు కొత్తగా నాదచికిత్స. సాలమన్ చేతికొచ్చిన పాంప్లెట్ మీద ఒక ట్యూనింగ్ ఫోర్క్ బొమ్మ ఉంది. దాంతో ఆయన హృదయం పొంగింది, తన జాతివాడు దొరికాడనుకున్నాడు. నాలుగో అంతస్తు, లిఫ్ట్ పనిచేయదు. పైన అనుదీప్ అనే కుర్రాడు పట్టు కుర్తాలో కూచుని ఉన్నాడు. రెండేళ్ల క్రితం వరకూ ఇదే బిల్డింగు రెండో అంతస్తులో టెస్టింగ్ టూల్స్ చెప్పేవాడు. ఆ కోర్సుకు గిరాకీ తగ్గి రెండంతస్తులు పైకెక్కాడు. ఎదురుగా బల్ల మీద చిన్నా పెద్దా పదకొండు ఫోర్కులు వరసగా పెట్టి ఉన్నాయి. మోకాళ్ల నొప్పులకొకటి, పరీక్ష భయానికొకటి, సొంతింటి కలకొకటి.

సాలమన్ తన 440 తీసి చూపించాడు. అనుదీప్ దాన్ని రెండు వేళ్లతో, చచ్చిన బొద్దింకను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. "సర్, 440 నెగెటివ్ సర్. మనుషుల మైండ్ ఖరాబ్ చేయనీకి ఇంగ్లీషోళ్లు తెచ్చిన్రు. మనది 528. ప్రేమ వైబ్రేషన్."

లండన్ పెద్దలందరి తరఫున సాలమన్ పావుగంట వాదించాడు. అనుదీప్ ఓర్పుగా విన్నాడు, అమీర్‌పేటలో పాఠం చెప్పినవాడికి ఓర్పు సహజంగానే ఉంటుంది. తర్వాత తన ఫోర్క్ ఒకటి కొట్టి సాలమన్ నుదుటికి ఆనించాడు. తర్వాత నడినెత్తికి. తర్వాత చెవి వెనక.

"వినవడ్తుందా సర్?"

"బ్రహ్మాండంగ."

"మీ వినికిడి చక్రం ఫుల్ ఓపెన్ ఉంది సర్. ఇంత ఓపెన్ నేను చూడలే."

సర్టిఫికెట్ అక్కడికక్కడే ప్రింటయింది. అంచుకు బంగారు రంగు, మూలకు మెరిసే హోలోగ్రామ్, కింద అనుదీప్ సంతకం. ఆ కాయితం పట్టుకుని సాలమన్ నాలుగంతస్తులు దిగుతుంటే మోకాళ్ల నొప్పి తెలియలేదు. మర్నాడే అయ్యగారి ముందు పెట్టాడు. ఆయన కాయితాన్ని అటూ ఇటూ తిప్పి, హోలోగ్రామ్‌ను వెలుతురులో చూసి, "అన్నీ ఉన్నయి గానీ డాక్టరు లేడు గదా సాలమన్ గారూ" అన్నాడు. డాక్టరు చదివినవాళ్లకు శృతి జ్ఞానం ఉండదని సాలమన్ అభిప్రాయం. అయినా చేసేదేముంది, యేసుమణిని వెంటబెట్టుకుని పంజాగుట్టలో ఒక చెవి డాక్టరు దగ్గరికి పోయాడు.

డాక్టరు పేరు అనుపమ. రాజమండ్రి వైపు మనిషి. సాలమన్ చెప్పిందంతా, జాన్ షోర్‌తో సహా, తల ఊపుతూ విని, బల్ల సొరుగు లాగి ఒక ట్యూనింగ్ ఫోర్క్ తీసింది. సాలమన్ కళ్లు మెరిశాయి. యేసుమణి కూడా గుర్తుపట్టింది. "షుగర్ డాక్టరు దగ్గర సుత ఉన్నది గిసుంటిది. కాలి బొటనవేలు మీద పెట్టి, జుమ్మంటుందా అని అడిగిండు."

"అది ఇంకా లావుది అమ్మా, నరాలు చూడ్డానికి. ఇది చెవులకి. 512" అంది అనుపమ. "సాలమన్ గారూ, ముందు చెవి వెనక పెడతాను. మోత ఆగిపోయిందనిపించగానే చెప్పండి."

ఆమె ఫోర్క్‌ను మోచేతి మీద కొట్టి చెవి వెనక ఆనించింది. తనకు బాగా తెలిసిన చోటు. సాలమన్ కళ్లు మూసుకుని, అలవాటుగా గడ్డం కొంచెం పైకెత్తి విన్నాడు. చాలాసేపటికి "ఆగింది" అన్నాడు. ఆమె వెంటనే ఫోర్క్‌ను తీసి చెవి ముందు పట్టుకుంది.

"ఇప్పుడండీ?"

"ఆగిందన్న గదా మేడం."

ఆమె చెయ్యి చాపి దాన్ని యేసుమణి చెవి దగ్గర పెట్టింది. "ఇంక మోగుతనే ఉన్నది" అంది యేసుమణి.

సాలమన్ నవ్వాడు. 512 పరాయి శృతి అన్నాడు. తన చెవి నలభై ఏళ్లుగా 440కి అలవాటు పడిందని, పరీక్ష దాంతోనే చేయాలని, జేబులోంచి తన ఫోర్క్ తీసి ఇచ్చాడు. అనుపమకు ఇట్లాంటివాళ్లు రోజుకు ఇద్దరు వస్తారు కాబోలు, మారుమాట లేకుండా తీసుకుంది. చెవి వెనక పెడితే ఖణేల్మంది. చెవి ముందు పెడితే ఏమీ లేదు. కుడి చెవి అయింది, ఎడమ చెవి అయింది. ప్రతిసారీ ఆమె దాన్ని యేసుమణి దగ్గరకు తిప్పేది, ఆమె తల ఊపేది. సాలమన్ కళ్లు తెరిచి ఈసారి ఫోర్క్ వైపే చూశాడు. కొమ్ముల అంచులు మసకమసకగా వణుకుతున్నాయి. అంటే మోగుతోంది. తన శృతి, తన కళ్ల ముందు, తనకు కాకుండా తన భార్యకు వినబడుతోంది.

"మంచి చెవికి ముందు పెట్టినప్పుడే ఎక్కువసేపు వినిపించాలండీ. మీకు తిరగబడింది" అంది అనుపమ. "లోపల మూడు చిన్న ఎముకలుంటాయి, గాలిలో వచ్చిన శబ్దాన్ని లోపలికి మోసేవి. వాటిలో చివరిది బిగుసుకుపోయినట్టుంది. లోపలి నరం బానే ఉంది. అందుకే పుర్రె మీద పెట్టిందల్లా మీకు చక్కగా వినిపిస్తుంది. బయట నుంచి వచ్చేదే వినిపించదు. మీ గొంతు మీకు ఎముక గుండా వెళ్తుంది కదా, పెద్దగా మాట్లాడుతున్నాననుకుని మెల్లగా మాట్లాడతారు. ఎదుటివాళ్లేమో నసుగుతున్నారనిపిస్తుంది. ఎన్నేళ్లయిందేంటి ఇలా?"

తన మాట తనకు దివ్యంగా వినబడి, ఎదుటివాడి మాట వినబడకపోవడం. ఈ జబ్బు ఈ ఊళ్లో పెద్దపెద్ద కుర్చీల్లో ఉన్నవాళ్లకు చాలామందికి ఉంది, వాళ్లెవరూ డాక్టరు దగ్గరికి పోరు. సాలమన్‌కు మాత్రం పేరు పెట్టి మరీ చెప్పారు.

ఎన్నేళ్లన్న ప్రశ్నకు యేసుమణి జవాబిచ్చింది. "నాలుగేండ్లు మేడం. నాలుగేండ్ల సంది నేను ఒర్రుతనే ఉన్న. చుట్టాలందరికి నాకు బీపీ అని చెప్పిండు. నేను సుత నిజమేననుకొని గోలీలు ఏసుకున్న."

ఆమె గొంతులో కోపం లేదు, అదే సాలమన్‌కు భరించడం కష్టమైంది.

ఇక్కడ మీరు అనుకుంటారు, మనిషి మారిపోయాడని. అంత తొందరెందుకు? సర్కారు ఆఫీసులో ముప్పై రెండేళ్లు చేసినవాడికి, నిజం తెలియడం వేరు, దాన్ని ఫైల్లో పెట్టడం వేరు. అనుపమ వినికిడి మిషన్ రాసింది. కందిగింజంతది, చెవి లోపలికి పోతుంది. బయటికి కనబడదని తెలియగానే సాలమన్‌కు ప్రాణం లేచివచ్చింది. మిషన్ పెట్టుకుంటాడు, ఎవరికీ చెప్పడు, క్వయర్ నడుపుకుంటాడు. ఆ పిల్ల ఎట్లాగూ రావడం మానేసింది కదా. శనివారం అయ్యగారు గేటు దగ్గర కనబడి "డాక్టరు ఏమన్నరు?" అని అడిగితే, "రిపోర్టు రావాలె" అన్నాడు. రిపోర్టు అప్పటికి ఆయన బీరువాలో, లుంగీల కింద ఉంది.

మిషన్ చెవిలో ఉండగానే ప్రాక్టీసు మొదలైంది. మోకాలి మీద దెబ్బ, చెవి వెనక కాడ, "ఊఁ". చెయ్యి ఎత్తాడు. మిగిలిన ఇరవై తొమ్మిది మంది నోళ్లు తెరిచారు.

సాలమన్ రెండడుగులు వెనక్కి వేశాడు. అది పాట కాదు. చేపల మార్కెట్టులో ధర తెగనప్పుడు వచ్చే గోల. మగ గొంతుల టెనర్లు మెడనరాలు ఉబ్బించుకుని అరుస్తున్నారు, వాళ్లను మించి ఆడ గొంతుల ఆల్టోలు కేకలు పెడుతున్నారు. జెనీఫర్ చరణం ఎత్తుకుంది. కిటికీ అద్దం చిర్రుమంది.

ఆయన చెయ్యి దించేశాడు. "ఎందుకట్ల ఒర్రుతున్నరు?"

ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. లెవీ నెమ్మదిగా అన్నాడు, "మీరే గద అంకుల్ చెప్పింది. నాలుగేండ్ల సంది చెప్తనే ఉన్నరు."

జర మెల్లగా పాడమన్నాడు. వాళ్లు ప్రయత్నించారు. నిజంగానే ప్రయత్నించారు, పాపం, కానీ ఆ గొంతులకు మెల్లగా అనే దారి మూసుకుపోయింది. జెనీఫర్‌కు తగ్గించబోతే అసలు స్వరమే పలకలేదు. మంచి గొంతు ఆ పిల్లది, ఒకప్పుడు ఎంత మెత్తగా ఉండేదో సాలమన్‌కు ఒక్కసారిగా గుర్తొచ్చింది. దాన్ని పాడుచేసింది తానే. వాళ్లను పాడుతూ ఉండమని చెప్పి సందులోకి వచ్చి నిలబడ్డాడు. హాస్టల్ కిటికీలన్నీ మూసి ఉన్నాయి. చాయ్ బండి దగ్గర ఇద్దరు పిల్లలు చెవుల్లో దూది కుక్కుకుని పుస్తకాలు చదువుకుంటున్నారు. ముప్పై మందిలో ఒక్క పిల్ల, తానెంత సతాయించినా అరవకుండా నిలబడింది. ఆ పిల్లను పట్టుకుని దేవుని సన్నిధిలో యాక్టింగ్ అన్నాడు తను. సాలమన్‌కు సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు, సందులోంచి అట్లాగే ఇంటికి పారిపోదామనిపించేంత సిగ్గు.

ఆదివారం ఆరాధన చివర్లో, దీవెనలకు ముందు, రెండు నిమిషాలు మాట్లాడతానని అయ్యగారిని అడిగాడు. సాలమన్ రెండు నిమిషాలంటే ఏమిటో తెలిసిన సంఘం నీరసంగా వెనక్కి వాలింది. మైకు ఇవ్వబోతే వద్దన్నాడు. క్వయర్ ముందు నిలబడ్డాడు.

"1711ల లండన్‌ల" అని మొదలుపెట్టాడు. మగవాళ్ల వైపు ఎవరో నిట్టూర్చారు. సాలమన్ ఆగిపోయాడు. జాన్ షోర్‌ను అక్కడే వదిలేసి, తన మామూలు గొంతుతో, పెద్దమనిషి తరహాలో, ఏదో అన్నాడు. ముందు వరస వాళ్లు వినడానికి వంగారు. వాళ్లకూ అందలేదు.

ఆడవాళ్ల వైపు నుంచి యేసుమణి లేచి నిలబడింది. "వినవడ్తలేదు" అంది. "జర గట్టిగ చెప్పు."

సాలమన్ గొంతు సవరించుకున్నాడు. "సెరీనా పాడింది. నాకే వినవడలే."

"ఆఖరి బెంచీ దాకా పోవాలె గదా" అంది యేసుమణి. ఆమె కూచోలేదు.

సాలమన్ తలెత్తాడు. జీవితంలో మొదటిసారి ఆ చర్చిలో గొంతు పెంచాడు. అది వణికింది, శృతి తప్పింది, చెవిలోని మిషన్‌లో కీచుమంది. "సెరీనా పాడింది. నా చెవులు పోయినయి. డాక్టరు చెప్పింది, నేను దాచిన. ఆ పిల్ల యాక్టింగ్ చేయలే. పాడింది. ఇయ్యాల్టి నుంచి క్వయర్ లెవీ చూసుకుంటడు. సెరీనా పాడింది." ఆపితే చాలలేదేమోనని భయం వేసినట్టుంది, అదే మాట మళ్లీ అన్నాడు, మళ్లీ అన్నాడు, ఒక్కోసారి ఇంకాస్త గట్టిగా. కళ్ల నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం కూడా తెలియలేదు.

చివరి బెంచీలో సెరీనా లేచి నిలబడింది. నర్సరీ పిల్లలతో మాట్లాడే గొంతుతోనే అంది.

"చాలంకుల్. వినవడ్డది."

అంత దూరం నుంచి వచ్చిన ఆ చిన్న మాట సాలమన్‌కు స్పష్టంగా అందింది. ఆయన వెళ్లి మగవాళ్ల వైపు ఖాళీగా ఉన్న చోట కూచున్నాడు.